మూడో నీళ్లు

మైసూరు,
12 డిసెంబర్ 2006

అత్తా,

వందనాలు. నీ ఎడమ చెవి పూర్తిగా పోయిందని, కుడి చెవికి ఫోన్ పెట్టినా గొంతు తెలుస్తుంది కానీ మాట అందడం లేదని నాన్న చెప్పాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు తప్పులుంటే దిద్దు.

నేను ఇక్కడ "మందుల పరిశోధన" చేస్తున్నానని నాన్న నీకు చెప్పి ఉంటాడు. మందులు కాదు, ధనియాలు. వాటిలో ఒంటికి మేలు చేసే పదార్థాలు కొన్ని ఉంటాయి. నాలుకకు వగరుగా తగిలేవి అవే. వాటిని బయటికి లాగడానికి చాలామంది స్పిరిట్ వాడతారు. మా గైడ్ మంచినీళ్లతోనే లాగాలంటారు. నీళ్లు ఎంత వేడిగా ఉండాలి, గింజ ఎంతసేపు ఉండాలి, గ్రాముకు ఎన్ని నీళ్లు పోయాలి. ఈ మూడూ మార్చి మార్చి చూసి, ఎక్కడ ఎక్కువ సారం దిగుతుందో తేల్చాలి. ఇప్పటికి ఇరవై ఏడు సార్లు చేశాను. అన్నీ బజారు ధనియాలే. సంచి మారినప్పుడల్లా ఫలితం మారుతోంది. ఒకే చేనులో పండిన, ఎవరు పండించారో తెలిసిన గింజ తెమ్మన్నారు గైడ్. నువ్వు గుర్తొచ్చావు.

ఈ ఏడు వేశావా? కోత ఎప్పుడు? నాకు 2008 మార్చి దాకా ఫెలోషిప్ ఉంది. తర్వాత లేదు. ఇక్కడ తెల్ల కోటు లేకుండా ల్యాబ్ గడప దాటనివ్వరు. నా కోటు మోచేతి దగ్గర చిరిగింది. నువ్వు ఆసుపత్రిలో వేసుకున్నవి ఏమైనా మిగిలాయా?

షాలిని


కురుగోడు,
28 డిసెంబర్ 2006

షాలినీ పాపకు,

నేను బాగున్నాను. నీ ఉత్తరం క్రిస్మస్ మరుసటి రోజు చేరింది. తప్పులు తొమ్మిది. దిద్ది నా దగ్గరే ఉంచుకున్నాను. కోట్లు రెండున్నాయి, నీకు వదులు అవుతాయి.

ధనియాల నీళ్లు నేను మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు చేశాను. కాంపౌండర్ సత్యవేదం గారు ఉడకనిచ్చేవారు కాదు. "పొయ్యి మీద పెట్టి చంపొద్దమ్మా" అనేవారు. నీళ్లు మరిగాక దించి, కొంచెం ఆగి, దంచిన ధనియాలు వేసి, మూత పెట్టి వార్డు రౌండుకు పోవాలి. ముప్పై మంచాలు చూసి వచ్చేసరికి నీళ్లు సిద్ధం. అది ఎన్ని నిమిషాలో నీ గడియారంతో తేల్చుకో.

నాలుగెకరాలూ ధనియాలే వేశాను. ఎప్పటిలాగే మన హులిగెప్ప ఎద్దులు కట్టి దున్ని విత్తాడు. చేను చుట్టూ ఏం జరిగిందో నాన్న చెప్పాడో లేదో. రెండేళ్ల కిందట ఉత్తరం వైపు పొలం ఇనుప ఖనిజం యార్డుకు పోయింది. తర్వాత తూర్పుది. పోయిన ఉగాదికి పడమటిది. దక్షిణాన రైలు సైడింగు. మధ్యలో నా చేను. నా చేనుకు దారి ఇప్పుడు యార్డులోంచే. లారీలు ఎన్ని పోతాయో హులిగెప్ప గులకరాళ్లు పక్కకు వేస్తూ లెక్కపెట్టాడు. ఒక పగలు నాలుగు వందల పద్దెనిమిది. అక్కడికి రాళ్లు అయిపోయి లేచి వచ్చాడు. పైరు పచ్చగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. గింజలు కొనే కెంచప్ప చూసి, "ఏందమ్మా ఇది, కుంకుమ సాగు మొదలుపెట్టినావా?" అన్నాడు.

యార్డు మేనేజరు శివన్న వారానికోసారి ఇంటికి వస్తాడు. చేను కూడా యార్డుకే ఇవ్వమంటాడు. ఆ చేలో మీ అవ్వ కూలికి కోత కోసింది. రిటైరయ్యాక అదే చేను నేను కొన్నాను. ఇవ్వను. ఖనిజం కుప్పలు వంద మీటర్లు వెనక్కి జరపాలని, నా దారి నాకు వదలాలని అర్జీ పెట్టాను. తాలూకా ఆఫీసు సాహెబు ఏమన్నాడంటే, "దుమ్ము పడతాందని నువ్వు చెప్తే చాలదమ్మా, ల్యాబ్ కాగితం ఉండాల."

ఆ కాగితం మీ దగ్గర ఇస్తారా?

మీ అత్త
జ్ఞానకుమారి


మైసూరు,
9 జనవరి 2007

అత్తా,

ఇస్తారు. మా పక్క గదిలోనే ఇనుము కొలిచే యంత్రం ఉంది. నువ్వు పంపే గింజలతో నా పనీ చేస్తాను, అక్కడ ఇనుమూ కొలిపిస్తాను. రెండు ఫలితాలూ ల్యాబ్ కాగితం మీద సంతకంతో వస్తాయి. రెండు కిలోలు చాలు. వేరే చేను గింజ కలపొద్దు. బజారులో కొనొద్దు.

సత్యవేదం గారి లెక్క చూశాను. నాకు ఎక్కువ సారం దిగింది ఎనభై డిగ్రీల దగ్గర, నలభై నిమిషాలకు. మంచానికి నిమిషంన్నర కూడా ఇచ్చేవారు కాదన్నమాట మీరు.

షాలిని


కురుగోడు,
20 ఫిబ్రవరి 2007

షాలినీ,

రోగం లేని మంచం దగ్గర నిమిషంన్నర ఎందుకు? ఉన్న మంచం దగ్గర పది నిమిషాలు ఉండేవాళ్లం. సరాసరి అంటే ఏమిటో నీకు తెలియాలి కదా.

కోత అయింది. రైల్వేలో పనిచేసే మన రాబిన్ మైసూరు రైలులో రెండు కిలోల సంచి తెస్తాడు. కోటు కూడా అందులోనే ఉంది. ఈ ఆదివారం మా సంఘంలో కోత పండుగ. గుడికి పెట్టిన సంచిలోంచే నీకూ తీశాను. అంతకన్నా మేలైన గింజ మన ఇంట్లో లేదు. మీ వాళ్ల ముందు తల దించుకునే పని లేకుండా పంపాను.

కాగితం తొందరగా పంపు. విచారణ జూన్ నెలాఖరున.

జ్ఞానకుమారి


మైసూరు,
18 ఏప్రిల్ 2007

అత్తా,

కాగితం ఇందులో పెట్టాను. రెండు వాక్యాలే ఉన్నాయి, చెప్తాను విను.

మొదటిది: గింజల్లో ఇనుము మామూలుగానే ఉంది. బజారు ధనియాల్లో ఎంతో ఇందులోనూ అంతే. నేను ఆశ్చర్యపోయాను. మళ్లీ కొలవమన్నాను. మళ్లీ అంతే వచ్చింది.

రెండోది మనకు పనికొచ్చేది: అదే వేడి, అంతే సమయం, అన్నే నీళ్లు, కానీ నీ గింజలోంచి వచ్చిన సారం బజారు గింజ కన్నా ముప్పై ఒక్క శాతం తక్కువ. గింజ రంగు కూడా పాలిపోయి ఉంది. ఆకుల మీద దుమ్ము కప్పేసి మొక్క సరిగా బతకలేదని, అందుకే గింజలో బలం చేరలేదని మా అభిప్రాయం. గైడ్ చాలా సంతోషించారు. గనుల పక్క చేలల్లో పండిన గింజ గురించి ఇలా ఎవరూ కొలవలేదట. ఇది నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం అవుతుంది. బెంగళూరు సెమినారుకు వ్యాసం కూడా పంపేశాం.

సాహెబుకు రెండో వాక్యం చూపించు.

షాలిని


కురుగోడు,
7 జూలై 2007

షాలినీ,

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

హులిగెప్ప నా కుడి చెవి పక్కన నిలబడి ఒక్కో మాటా అందించాడు. సాహెబు నీ కాగితం తీసుకున్నాడు, మొదటి వాక్యం చదివాడు, బల్ల మీద పెట్టాడు.

"ఐరన్ నార్మల్ అని ఉండాది కదమ్మా. దుమ్ము పడింటే ఐరన్ రావాల గదా?"

"రెండో లైను చదవండి సామీ," అన్నాడు హులిగెప్ప.

"చదివినప్పా. ధనియాల్లో సారం గురించి రాసినారు. ఇది వంట అర్జీనా, దుమ్ము అర్జీనా?"

గదిలో అందరూ నవ్వారు. శివన్న మాత్రం నవ్వలేదు. వాళ్ల వకీలు చేతికి కాగితం ఇస్తూ అన్నాడు, "బయటోళ్లు రాసింటే నేనే అనుమానపడుతుంటి. వాళ్ల మేనకోడలే రాసిచ్చినాది సార్." ఆ మాట హులిగెప్ప నాకు చెప్పలేదు. శివన్న పెదవులు చూసి నేనే తెలుసుకున్నాను.

అర్జీ మూసేశారు. దుమ్ము ఉన్నట్టు ఆధారం లేదని రాశారు. దారి యార్డు భూమిలోది కాబట్టి వాళ్లు గేటు పెట్టుకోవచ్చన్నారు. మూడు రోజుల్లో పెట్టేశారు.

నువ్వు ఎవరి కోసం ఆ మొదటి వాక్యం రాశావో నాకు అర్థం కాలేదు. మీ గైడ్ సంతోషించారని రాశావు. మూడు నీళ్లు మార్చి కడిగాను ఆ గింజలు. మూడో నీళ్లలో కూడా ఎరుపు తేలింది. ఇనుము లేదని నీ యంత్రం ఎట్లా చెప్పింది?

జ్ఞానకుమారి


మైసూరు,
14 జూలై 2007

అత్తా,

కడిగావా?

ఎందుకు, ఎన్నిసార్లు, ఎలాంటి నీళ్లు, ఎంతసేపు? ఒక్కటీ వదలకుండా రాయి. వెంటనే రాయి.

షాలిని


కురుగోడు,
24 జూలై 2007

షాలినీ,

నువ్వు అడిగిన తీరు వార్డులో పెద్ద డాక్టరమ్మ అడిగినట్టు ఉంది. అట్లాగే జవాబు రాస్తాను.

మొదటి నీళ్లు చన్నీళ్లు. బురద ఎరుపు. వెంటనే పారబోశాను. రెండోవి గోరువెచ్చనివి. సాయంత్రం ప్రార్థన నుంచి తెల్లవారేదాకా నానబెట్టాను. పొద్దున వంచితే టీ డికాషన్ రంగులో ఉన్నాయి. మూడోవి కూడా గోరువెచ్చనివే, ఒక పూట ఉంచాను. ఎరుపు తక్కువ, వగరు ఉంది. నాలుక మీద వేసి చూశాను. అవి బొప్పాయి మొదట్లో పోశాను. గింజ రెండు రోజులు నీడలో తెల్ల గుడ్డ మీద ఆరింది.

ఎందుకు అని అడిగావు. నువ్వు మైసూరులో పెరిగావు, కోత పండుగకు ఎప్పుడూ రాలేదు. మీ అవ్వ చిన్నతనంలో మన చేతి గింజ కొనేవాళ్లు దూరంగా పోయమని, నీళ్లు చల్లి తీసుకునేవాళ్లు. గుడి కట్టాక మొదటి కోత పండుగకు మన ఆడవాళ్లందరూ తెచ్చిన గింజను ముందే మూడు నీళ్లు కడిగి, తెల్ల గుడ్డలో కట్టి బల్ల మీద పెట్టారు. ఇక మన గింజ మీద ఎవరూ నీళ్లు చల్లే పని లేదని. అప్పటినుంచి ఈ సంఘంలో కడగని గింజ బల్ల మీదికి పోలేదు. తెల్ల కోటు లేకుండా ల్యాబ్ గడప దాటనివ్వరని నువ్వే రాశావు. అక్కడికి ఎర్ర దుమ్ముతో ఎట్లా పంపను? మా షాలిని మేనత్త గింజ ఇట్లా ఉంటుందా అంటారు కదా.

ఇందులో తప్పేముందో చెప్పు.

జ్ఞానకుమారి


మైసూరు,
2 అక్టోబర్ 2007

అత్తా,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించు. ముందు రుజువు చూడాలనుకున్నాను. బజారు ధనియాలు తెచ్చి నువ్వు రాసినట్టే కడిగాను. అవే మూడు నీళ్లు, అంతే సేపు. తర్వాత సారం తీశాను. ఇరవై ఎనిమిది శాతం తగ్గింది. నీ గింజలో తగ్గింది ముప్పై ఒకటి.

అంటే నీ చేను గింజలో బలం తక్కువని కాదు. ఆ బలం నీళ్లలో దిగిపోయింది. దాంతోపాటు దుమ్మూ పోయింది. నేను రెండేళ్లుగా వెతుకుతున్నది నువ్వు బొప్పాయి మొదట్లో పోశావు. ఇందులో తప్పు నాది. గింజ పాలిపోయిందని నోటుబుక్కులో రాసుకుని కూడా ఎందుకని నిన్ను అడగలేదు. "దుమ్ము వల్ల కావచ్చు" అని పక్కన రాసేశాను.

గైడ్‌కు చెప్పాను. ఆయన చెడ్డవారు కాదు. కన్నడలో అన్నారు, తెలుగులో రాస్తున్నాను: "గింజ వచ్చింది, మనం కొలిచాం. కడిగారో లేదో మనకెలా తెలుస్తుందమ్మా? కాగితం ఇచ్చేశాం, వ్యాసం పోయింది. ఇప్పుడు కదిపితే నీ అధ్యాయం పోతుంది. కొత్త గింజ ఫిబ్రవరిలో కదా వస్తుంది. మార్చిలో నీ ఫెలోషిప్ అయిపోతుంది. ఆలోచించుకో."

ఆలోచిస్తున్నాను. కదిపితే నాకు ఏడాది పోతుంది, ఆ ఏడాదికి ఫెలోషిప్ లేదు. కదపకపోతే నీ చేను మీద దుమ్ము లేదని నా సంతకం అక్కడే ఉంటుంది. ఎటు చూసినా గోడే.

ఈ ఏడు విత్తుతున్నావా? గేటు లోంచి పోనిస్తున్నారా?

షాలిని


కురుగోడు,
19 నవంబర్ 2007

పాపా,

పోనిస్తున్నారు, పాసు ఉంటే. గేటు దగ్గర కాపలా ఎవరో తెలుసా? భీమేష్. తూర్పు పొలం అతనిదే. ఇప్పుడు అదే పొలంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. విత్తనాల రోజు పుస్తకం తెరిచి నన్ను చూశాడు.

"ఏం రాయాలక్కా? వర్కర్ గాదు, డ్రైవర్ గాదు."

"రైతు అని రాయప్పా."

"ఆ గడి లేదక్కా దీంట్లో. విజిటర్ అని రాస్తాండా. ఆరు గంటలకల్లా బయటికి రావాల. లేకుంటే నన్ను తిడతారు."

నా చేనుకు నేను చుట్టపుచూపు మనిషినన్నమాట. ఎద్దులకు కూడా పాసు కావాలంటే హులిగెప్పకు కోపం వచ్చింది. "ఎద్దుల సంతకం యాడ పెట్టియ్యాల?" అని అడిగాడు. భీమేష్ నవ్వాడు కానీ పాసు లేకుండా వదల్లేదు. మూడెకరాలే విత్తగలిగాం. నాలుగో ఎకరం మీదికి ఖనిజం కుప్ప జారింది.

శివన్న అగ్రిమెంటు కాగితం తెచ్చాడు. కోత అయ్యాక చేను యార్డుకు ఇస్తానని రాసి ఉంది. "కోత దాకా ఆగుతామమ్మా, మేము రాక్షసులం గాదు," అన్నాడు. కోత అయ్యాక చెప్తానన్నాను. కాగితం మేకుకు తగిలించాను.

నీ కాగితం నువ్వు కదపొద్దు. నాకు అరవై మూడు, నీకు ఇరవై ఆరు. మూడెకరాల కోసం నీ చదువు ఆపుకోవద్దు. గింజ కడిగింది నేను. మీ అవ్వ కూలికి పోయింది, నేను నర్సు పని చేశాను, నువ్వు ల్యాబ్ దాకా వెళ్లావు. వెనక్కి రావద్దు.

జ్ఞానకుమారి


మైసూరు,
10 జనవరి 2008

అత్తా,

కదిపాను.

తాలూకా ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో రాశాను. కొలిచిన గింజలు కొలతకు ముందే మూడుసార్లు కడిగినవని, ఆ సంగతి నాకు తర్వాత తెలిసిందని, కాబట్టి ఆ కాగితం దుమ్ము ఉందని గానీ లేదని గానీ చెప్పదని. సెమినారు వాళ్లకూ రాసి వ్యాసం వెనక్కి తీసుకున్నాను. గైడ్ వారం రోజులు నా బల్ల వైపు రాలేదు. నిన్న వచ్చి, "గింజ ఎప్పుడొస్తుంది?" అని అడిగారు. అంతే అన్నారు.

హాస్టల్ గది మార్చి నెలాఖరుకు ఖాళీ చేయాలి. ఇక్కడే ఒక ట్యూటోరియల్‌లో సాయంత్రాలు కెమిస్ట్రీ చెప్పమన్నారు. అది చూసుకుంటాను. నాన్నకు ఇంకా చెప్పలేదు, నువ్వూ చెప్పొద్దు.

ఈసారి కళ్లం మీద ఎలా ఉన్నాయో అలాగే పంపు. చెరగొద్దు, తుడవొద్దు. నువ్వు సిగ్గుపడే గింజే నాకు కావాలి.

షాలిని


కురుగోడు,
18 ఫిబ్రవరి 2008

షాలినీ,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. ఐదో రోజు కోతకు పోవాల్సి వచ్చింది. తప్పులు రెండే ఉన్నాయి.

ఆఫీసుకు పోయి అడిగాను. నీ లెటర్ అందిందట. పాత ఫైలు మూసేశారు కాబట్టి అందులో పెట్టడానికి లేదట. కొత్త కాగితం తెస్తే కొత్త ఫైలు తెరుస్తారట. ఎప్పుడు వినేదీ చెప్పలేదు. శివన్న నిన్న వచ్చాడు. అగ్రిమెంటు మేకుకే ఉంది. "మైసూరు నుంచి జవాబు రావాల," అన్నాను. "పోయిన తూరి వచ్చిందిగా జవాబు," అన్నాడు. "అది కడిగిన గింజ జవాబప్పా," అన్నాను. అతనికి అర్థం కాలేదు. ఈ నెలాఖరుకు మళ్లీ వస్తానన్నాడు.

మొన్న ఆదివారం కోత పండుగ. సంచి కట్టేటప్పుడు నీ మాట గుర్తొచ్చింది. నీకు ఒక రకం, దేవునికి ఒక రకం ఎందుకని రెండూ కళ్లం మీదివే కట్టాను. బల్ల దగ్గర సంఘం పెద్ద టైటస్ మూట విప్పి ఆగిపోయాడు.

"ఏందక్కా, కడగలేదా?"

"లేదప్పా. ఈ ఏడు చేను ఇట్లే ఇచ్చింది."

వెనక ఎవరో ఏదో అన్నారు. నాకు వినపడలేదు. అడగలేదు. పాస్టరు అయ్యగారు దోసిట్లో తీసుకుని పైకెత్తి ప్రార్థన చేశారు. దించాక ఆయన చేతులు ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులతోనే దీవెన ఇచ్చారు. బల్ల మీది తెల్ల గుడ్డకు పళ్లెం అంత ఎర్ర మచ్చ పడింది. టైటస్ ఉతకడానికి పంపబోతే వద్దన్నాను. మడిచి బీరువాలో పెట్టించాను. ముగ్గురు ఆడవాళ్లు ఇంటికి వచ్చి మీ మేనకోడలికి మా జొన్నలు కూడా పంపొచ్చా అని అడిగారు. వాళ్ల చేలు లారీ రోడ్డు పక్కన ఉన్నాయి. నిన్ను అడిగి చెప్తానన్నాను.

రాబిన్ తెస్తున్న సంచి రెండు కిలోలు. దాన్ని చేనులోంచి బయటికి తెచ్చేటప్పుడు భీమేష్ ఆపాడు. యార్డులోంచి ఏం బయటికి పోయినా పాసు రాయాలట. సంచిలో చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత అదే చేత్తో పాసు రాసి, కింద వేలిముద్ర లాంటిది పడితే దులపబోయాడు. నేను పట్టుకుని లాక్కున్నాను.

"ఏమైందక్కా?"

"ఏం కాలేదప్పా. బాగా రాసినావు."

ధనియాలు, రెండు కిలోలు, తేదీ, యార్డు ముద్ర, ఎర్ర బొటనవేలు. అన్నీ దాని మీద ఉన్నాయి. దాన్ని కూడా సంచిలోనే పెట్టాను. నీ యంత్రానికి పనికొస్తుందో లేదో నాకు తెలియదు, ఆఫీసుకు పనికొస్తుంది.

ఆరు కావస్తోంది. ఈ ఉత్తరం చేను గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. భీమేష్ గేటు దగ్గర లేచి నిలబడి చూస్తున్నాడు. పోవాలి.

సంచి విప్పే ముందు బల్ల మీద తెల్ల కాగితం పరుచుకో. కిటికీ మూసెయ్యి. చేతులు ముందు కడుక్కో, తర్వాత కాదు. ఏదీ దులపొద్దు.

జ్ఞానకుమారి